తారురోడ్డు మన్నుటకు ఏ తారు?

వానకాలము గడచిన పిమ్మట మన పల్లెలకు పోవు రోడ్లను చూచినచో ఒక వింత కానవచ్చును. ఒకే ఏడు, ఒకే మండలములో, ఒకే పనివారు వేసిన రెండు రోడ్లలో ఒకటి చెక్కు చెదరక నిలిచియుండును. రెండవది గోతులమయమై, కంకర తేలి, ఎర్రనీటి మడుగులతో ఎడ్లబండికి సైతము దారి ఈయకుండును. రచ్చబండపై చేరిన పెద్దలు దీనికి చెప్పు కారణము సాధారణముగా ఒక్కటే: "తారు తక్కువ వేసినారు." ఈ మాటలో నిజము లేకపోలేదు. కాని అది సగము నిజము మాత్రమే. తారు ఎక్కువై చెడిన రోడ్లును కలవు. తారు సరిపడునంత పడియు, ఆ చోటికి, ఆ పనికి తగిన రకము కాకపోవుటచేత చెడిన రోడ్లును కలవు.

రోడ్డుపై పూతకు తారును ఎట్లు ఎన్నుకొందురు, ఆ ఎన్నిక తప్పినచో ఏమగును అను విషయమును ఈనాడు మీతో ముచ్చటింపదలచినాను. ఇది ఇంజనీర్ల వ్యవహారమేగదా అని మీరు అనుకొనవచ్చును. కాని ఆ రోడ్డుపై నడచునది మనమందరము. దాని వ్యయమును భరించునదియు మనమే. అర్ధరాత్రి ప్రసవవేదనతో ఉన్న స్త్రీని పట్నపు ఆసుపత్రికి చేర్పవలసినప్పుడు రోడ్డు ఎట్లున్నదను ప్రశ్న ఇంజనీరుది కాదు, ఆ ఇంటివారిది. కావున ఇందలి మర్మము గృహస్థులకును కొంత తెలిసియుండుట మేలు.

మొట్టమొదట తెలిసికొనవలసినది ఏమనగా, రోడ్డు బలమంతయు తారులో లేదు. బరువు మోయునది క్రిందనున్న రాయి, దాని క్రింద గట్టిపరచిన నేల. పైన వేయు పలుచని తారుపూత ఇంటికి పైకప్పు వంటిది. పైకప్పు గోడలను నిలబెట్టదు. కాని అది కారినచో మట్టిగోడ నిలువదు. అటులనే తారుపూతకు చిల్లి పడి నీరు లోనికి దిగినచో, క్రింది మన్ను మెత్తబడి, చక్రము క్రింద కంకర కదలి, రోడ్డు కూలును. పూత విలువ మొత్తము రోడ్డు విలువలో స్వల్పభాగమే. ఆ స్వల్పభాగమును సరిగా వేయకపోవుటచేత మిగిలినదంతయు నీటిపాలగుచున్నది.

ఈ పూత అవసరము ఎప్పుడు కలిగెనో చూతము. పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లలో స్కాట్లండు దేశీయుడగు జాన్ లౌడన్ మెకాడం చిన్నచిన్న రాళ్లను పొరలుగా పరచి గట్టిపరచు పద్ధతిని ప్రచారములోనికి తెచ్చెను. మనము నేటికిని కంకరరోడ్డును మెకాడం అని వ్యవహరించుట ఆయన పేరుననే. గుఱ్ఱపు డెక్కలకును, ఇనుపకమ్ముల చక్రములకును ఆ రోడ్డు చక్కగా సరిపోయెను. తరువాత మోటారుకార్లు వచ్చెను. వేగముగా తిరుగు రబ్బరు చక్రము రాళ్ల నడుమనున్న సన్నని పొడిని పైకి పీల్చి ఎగురగొట్టెను. పొడి పోగా రాళ్లు విడివడెను. దారి పొడుగున దుమ్ము లేచి ఇండ్లను ముంచెను. మొనాకోలో నివసించిన గుగ్లియెల్మినెట్టి అను స్విస్ వైద్యుడు ఈ దుమ్ము బాధకు విరుగుడుగా 1902వ సంవత్సరమున అక్కడి రోడ్డుపై కాచిన తారును పూయించెను. దుమ్ము అణగినది. ఆ వైద్యునికి "తారు డాక్టరు" అను ముద్దుపేరు మిగిలినది.

ఇక్కడ మాటను గూర్చి ఒక మాట. ఆ వైద్యుడు పూయించినది బొగ్గునుండి తీసిన నిజమైన తారు. నేడు మన రోడ్లపై వేయుచున్నది తారు కాదు, బిటుమెన్. ముడిచమురును శుద్ధిచేసి పెట్రోలు, కిరోసిన్, డీజిలు మున్నగువానిని తీసివేసిన పిదప అడుగున మిగులు నల్లని చిక్కని పదార్థమిది. విశాఖపట్టణములో కాల్టెక్సు సంస్థ 1957లో నెలకొల్పిన చమురుశుద్ధి కర్మాగారము, 1978లో హిందూస్థాన్ పెట్రోలియంలో చేరినది, ఈ బిటుమెన్‌ను తయారుచేయుచున్నది. జనవ్యవహారములో మాత్రము దీనికి తారు అను పేరే స్థిరపడినది గనుక, నేనును ఆ మాటనే వాడెదను.

పూత వేయు విధానమును మీలో పెక్కురు చూచియేయుందురు. ముందుగా రోడ్డును శుభ్రముగా ఊడ్తురు. కాగిన తారును సమముగా చిమ్ముదురు. వెంటనే దానిపై ఒకే పరిమాణము గల సన్నకంకరను ఒక్క వరుసగా పరతురు. రోలరుతో తొక్కింతురు. చూచుటకు ఇంతే. కాని ఈ కొద్దిసేపటి పనిలో తారునుండి మనము కోరునది ఎంతయో కలదు. చిమ్మునప్పుడు అది నూనెవలె పలుచగా ఉండవలెను. రాయి పడిన క్షణమున దానిని తడిపి, అంటి, పట్టుకొనవలెను. ఆ తరువాత మే నెల ఎండలో నల్లని రోడ్డు ఉపరితలము 60 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాగినను కారరాదు. పుష్యమాసపు తెల్లవారుజామున చలికి పెళుసెక్కి పగులరాదు. వర్షము కురిసినప్పుడు నీటికి చోటిచ్చి రాతిని విడువరాదు. ఈ కోరికలు ఒకదానికొకటి విరుద్ధములు. పలుచనిది ఎండకు కారును. చిక్కనిది రాతిని సరిగా తడుపదు. అన్నిటికిని పనికివచ్చు తారు ఒక్కటి లేదు. కనుకనే ఎన్నిక అవసరమగుచున్నది.

గృహిణులకు ఈ సంగతి పాకము పోలికతో సులభముగా బోధపడును. బెల్లమొక్కటే, కాని అరిసెలకు ఒక పాకము, గవ్వలకు ఒక పాకము, వేరుసెనగ ఉండలకు మరియొక పాకము. లేతపాకముతో ఉండ కట్టదు. ముదిరినచో అరిసె రాయియగును. నీటిలో ఒక చుక్క వేసి, వ్రేళ్లనడుమ పట్టి చూచి, అనుభవజ్ఞురాలైన అమ్మ పాకమును నిర్ణయించును. తారును నిర్ణయించుటకు ఇంజనీర్లు చేయునదియు ఇటువంటి పరీక్షయే. ఒక గిన్నెలోని తారును 25 డిగ్రీల వద్ద ఉంచి, 100 గ్రాముల బరువుతో ఒక సూదిని దానిపై 5 సెకండ్లు నిలుపుదురు. సూది ఎంత లోతు దిగినదో మిల్లీమీటరులో పదవవంతులుగా లెక్కింతురు. 80 నుండి 100 వంతులు, అనగా 8 మొదలు 10 మిల్లీమీటర్ల వరకు దిగినచో అది 80/100 తారు. అంతకంటె గట్టిది 60/70. మరింత గట్టిది 30/40. మన దేశములో దశాబ్దములపాటు తారును ఈ సూదిలెక్కతోనే కొనిరి, వాడిరి.

ఈ పరీక్షలో ఒక లోపము కలదు. అది 25 డిగ్రీల వద్ద మాత్రమే తారు స్వభావమును చెప్పును. మన రోడ్డు 25 డిగ్రీల వద్ద చెడదు. 60 డిగ్రీల వద్ద చెడును. 25 డిగ్రీల వద్ద ఒకే లోతునకు సూదిని దింపిన రెండు తారులు 60 డిగ్రీల వద్ద వేరువేరుగా ప్రవర్తింపవచ్చును. చల్లని వేళ ఒకే తీరుగా మాటలాడిన ఇద్దరిలో ఎండకు ఎవడు నిలుచునో చల్లని వేళనే ఎట్లు తెలియును? అందుచేత 2006వ సంవత్సరమున భారతీయ ప్రమాణాల సంస్థ సూదిలెక్కను విడిచి, 60 డిగ్రీల వద్ద తారు స్నిగ్ధత ఎంత అనుదానినిబట్టి తరగతులను నిర్ణయించినది. స్నిగ్ధత యనగా ప్రవహించుటకు ద్రవము చూపు వెనుకాడుదల. దానిని కొలుచు మానమునకు పాయిజ్ అని పేరు.

ఈ పద్ధతిలో తారు నాలుగు తరగతులు: వి.జి.-10, వి.జి.-20, వి.జి.-30, వి.జి.-40. వీని కనీస స్నిగ్ధతలు వరుసగా 800, 1600, 2400, 3200 పాయిజులు. గదిలోని నీటి స్నిగ్ధత పాయిజులో సుమారు నూరవవంతు. అనగా ఎండకు కాగిన రోడ్డుపై అన్నిటికంటె మెత్తనిదగు వి.జి.-10 తారు సైతము నీటికంటె 80 వేల రెట్లు చిక్కనిది! వి.జి.-10 పాత 80/100 స్థానమునకు వచ్చినది. చిమ్ము పనులకును, మిక్కిలి చలిప్రదేశములకును అది ఉద్దేశింపబడినది. పాత 60/70కు బదులు వచ్చిన వి.జి.-30ను కంకరతో కలిపి వేయు పొరలకు మన దేశమున ఎక్కువ భాగములో వాడుదురు. లారీలు నిలిచిపోవు కూడళ్ల వద్దను, సుంకపు గేట్ల వద్దను, బరువు మిక్కుటముగానుండు రహదారులపైనను వి.జి.-40 వాడుదురు.

ఇక్కడ ఒక సందేహము కలుగును. మనది ఎండల దేశము కదా, పూతకు అన్నిటికంటె మెత్తని తారు ఎందుకు? గట్టిది వేసిన మేలు కాదా? ఈ సందేహమునకు సమాధానము పూత యొక్క నిర్మాణములోనే ఉన్నది. పూతలో చక్రమును మోయునది రాయి. రాళ్లు ఒకదానినొకటి ఆనుకొని, క్రింది రోడ్డుపై కూర్చుండి బరువును క్రిందికి దింపును. తారు చేయవలసినది రాతిని కదలనీయక పట్టుట, సందులను మూసి నీటిని ఆపుట. దానికి మోయు బలముకంటె తడిపి అంటుకొను గుణము ముఖ్యము. చిమ్మిన తారు పొర ఒక మిల్లీమీటరు మందము మాత్రమే. నేలను తాకిన కొద్ది నిమిషములలో అది చల్లారును. గట్టి తారైనచో రాయి పడకమునుపే బిగిసి, రాతిని తడుపక, దాని అడుగున ఎండిన జిగురువలె నిలిచిపోవును. కలిపి వేయు పొరలో ఈ చిక్కు లేదు; అక్కడ ప్రతి రాయియు వేడిగా ఉండగనే తారు పూతను పొందివచ్చును. కనుక ఒకే ఎండకు రెండు పనులలో రెండు తారులు.

ఈ సత్యమును నేను పుస్తకములో చదివినను, నేర్చినది మాత్రము నా తప్పువలననే. ఉద్యోగములో చేరిన క్రొత్తలో ఒక పల్లెరోడ్డుకు పూత వేయించు పని నాకు అప్పగింపబడినది. సూదిలెక్క కాలమది. 80/100 తారు రావలసియుండెను. గిడ్డంగిలో వేరొక పనికి తెచ్చి మిగిలిన 60/70 పీపాలు ఉండెను. "గట్టిదేగదా, ఇంకను మన్నును" అని నాకు నేనే చెప్పుకొని వానిని వాడించితిని. మార్గశిరమాసపు ఉదయము. రోడ్డు చల్లగానున్నది. కంకర బండి ఆలస్యముగా వచ్చినది. ఆ కంకరకు పిండివలె దుమ్ము పట్టియున్నది. తారు అప్పటికే మెరుపు తగ్గినది. అయినను పని ఆపుటకు మనసొప్పక కానిచ్చితిని. వారము తిరుగకమునుపే బస్సు చక్రముల క్రింద రాళ్లు లేచి, రోడ్డు ప్రక్కలకు చిమ్మబడి, నడుమ నల్లని మరకలు మాత్రమే మిగిలినవి.

చూచిన ప్రతివారును తారు తక్కువైనదనిరి. నేనును అటులనే తలచితిని. మిగిలిన భాగములో చదరపు మీటరుకు ఒక కిలోకు బదులు కిలోన్నర చిమ్మించితిని. ఈమారు రాళ్లు లేవలేదు. ఊరివారు సంతోషించిరి. నా లోపము తీరినదని నేనును నిద్రపోతిని. చైత్రము వెళ్లి వైశాఖము వచ్చినది. మధ్యాహ్నవేళ రోడ్డుపై తారు పొంగి అద్దమువలె మెరయసాగినది. బడిపిల్లల చెప్పులు అంటుకొని ఊడివచ్చినవి. ఎడ్ల గిట్టల గురుతులు రోడ్డుపై అచ్చుపడినవి. జ్యేష్ఠములో మొదటి చినుకులు పడిన ప్రొద్దున, పాలకేనులతో మోపెడ్డుపై వచ్చుచున్న ఒక మధ్యవయస్కుడు ఆ నున్నని భాగముపై జారిపడి కాలు విరుగగొట్టుకొనెను. పాలు రోడ్డుపాలైనవి. అతడు నన్ను ఒక్క మాటయు అనలేదు. వానకు జారితిననియే చెప్పెను. వానకు కాదు, నా లెక్కకు జారెనని నాకు తెలియును. రకములో చేసిన తప్పును పరిమాణముతో దిద్దబోయితిని. మందు తప్పైనప్పుడు అదే మందును ఒకటిన్నర రెట్లు ఇచ్చిన వైద్యుని వంటివాడనైతిని.

కిలోన్నర ఎట్లు ఎక్కువయ్యెనో లెక్క వేసి చూపవచ్చును. 1930 దశకములో న్యూజిలాండు ఇంజనీరగు హాన్సన్ పూతలోని రాళ్ల నడుమ సందులను పరిశీలించెను. కంకరను పరచినప్పుడు మొత్తము ఘనపరిమాణములో సుమారు సగము ఖాళీ. రోలరు త్రొక్కిన పిమ్మట ఖాళీ 30 శాతమునకు తగ్గును. వాహనములు కొంతకాలము నడచి, రాళ్లన్నియు తమ వెడల్పు ప్రక్కపై పండుకొనిన పిమ్మట ఖాళీ 20 శాతమునకు దిగును. ఆ చివరి ఖాళీలో సుమారు మూడింట రెండు వంతులు తారుతో నిండవలెను. మిగిలినది ఖాళీగా ఉండి రాతి తలలు పైకి తేలి చక్రమునకు పట్టు ఈయవలెను. పండుకొనిన రాతి సగటు మందము 8 మిల్లీమీటర్లనుకొందము. అందులో ఐదవవంతు 1.6 మిల్లీమీటర్లు. అందు మూడింట రెండు వంతులు ఒక మిల్లీమీటరునకు కొంచెము పైగా. చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు మందమనగా ఒక లీటరు. తారు విషయమున అది సుమారు ఒక కిలో. 13 మిల్లీమీటర్ల కంకరకు మన ప్రమాణములు చదరపు మీటరుకు ఒక కిలో అని చెప్పుట ఈ లెక్కకు సరిపోవుచున్నది. నేను చిమ్మించిన కిలోన్నర ఖాళీనంతయు అంచువరకు నింపివేసినది. ఎండకు పొంగక ఏమి చేయును?

ఇక కాచకుండ వాడు తారును గూర్చి. నీటిలో తారును అతిసూక్ష్మ బిందువులుగా చెదరగొట్టి, అవి మరల కలిసిపోకుండ ఒక సహాయక ద్రవ్యమును చేర్చినచో ఎమల్షన్ ఏర్పడును. పాలలో వెన్న బిందువులుగా ఉన్నట్లే ఇందులో తారు ఉండును. రంగు నలుపు కాదు, ముదురు గోధుమ. రాతిపై పడినంతనే బిందువులు ఒకటై, నీరు వేరై, గోధుమరంగు నలుపునకు తిరుగును. దీనినే ఎమల్షన్ "విరుగుట" యందురు. మన దేశమున వాడు ఎమల్షన్లలో తారు బిందువులకు ధన విద్యుదావేశము ఉండును. గ్రానైటు వంటి ఇసుకజాతి రాళ్ల తడి ఉపరితలమునకు ఋణావేశము. విరుద్ధావేశములు ఆకర్షించుకొనును గనుక బిందువు రాతిని వెదకికొని అంటుకొనును. తెలుగునాట గ్రానైటు జాతి రాళ్లు విస్తారముగా ఉన్నవి గనుక ఇది మనకు బాగుగా కలిసివచ్చిన గుణము. త్వరగా విరుగు తరగతులలో ఆర్.ఎస్.-2 అనునది పూతకు తగినది.

ఎమల్షన్‌తో లాభములు కలవు. పొయ్యి లేదు, కట్టెలు లేవు, మరగు తారు మీదపడి కూలివాండ్ర చేతులు కాలు భయము లేదు. రాయి కొంచెము చెమ్మగా ఉన్నను పని సాగును. కాని రెండు జాగ్రత్తలు కావలెను. విరుగకమునుపు వాన పడినచో అది పాలవలె కొట్టుకొనిపోవును. మరియు పీపాలోనిదంతయు తారు కాదు. ఆర్.ఎస్.-2లో తారు పాలు 67 శాతము మాత్రమే ఉన్నదనుకొనినచో, ఒక కిలో తారు రోడ్డుపై నిలుచుటకు సుమారు ఒకటిన్నర కిలోల ఎమల్షన్ చిమ్మవలెను. ఈ భాగహారము మరచి, కిలోకు కిలోగా చిమ్మినచోట రాళ్లు లేచిపోవుట సహజము. నా కథలో కిలోన్నర తప్పు. ఇక్కడ కిలోన్నర ఒప్పు. అంకె ఒకటే, వస్తువు వేరు.

తారులో కిరోసిన్ వంటి నూనెను కలిపి పలుచన చేయు పద్ధతియు కలదు. దానిని కట్‌బ్యాక్ అందురు. నూనె ఆవిరియైన పిమ్మట తారు మిగులును. చలిప్రదేశములలో ఇది ఉపయోగించును. కాని అగ్నిభయము, ఆవిరుల చెరుపు, విలువైన ఇంధనము గాలిపాలగుట దీని దోషములు. నూనె పూర్తిగా పోకమునుపే పై పొర వేసినచో లోపల మెత్తదనము నిలిచి వేసవిలో బయటపడును.

తారు ఎంత మంచిదైనను రాయి సహకరింపవలెను. రాతికి నీరన్న మక్కువ ఎక్కువ. తారుకు, రాతికి నడుమ నీరు దూరి తారును నెట్టివేయును. గ్రానైటు వంటి ఇసుకజాతి రాళ్లలో ఈ లక్షణము ఎక్కువ. సున్నపురాయి తారును చక్కగా పట్టును; కాని చక్రముల రాపిడికి నునుపెక్కి జారును. అందుచేత ఆ చోటి రాతిని ఆ చోటి తారుతో కలిపి పరీక్షింపవలెను. తారు పూసిన రాళ్లను 40 డిగ్రీల నీటిలో 24 గంటలు నానవేసి చూతురు. నూటికి 95 పాళ్లు పూత నిలిచియుండవలెను. నిలువనిచో సున్నపుపొడియో, పట్టు పెంచు రసాయనమో చేర్పవలెను. అన్నిటికంటె ముందు రాతిపై దుమ్ము ఉండరాదు. పిండి చల్లిన పీటపై ముద్ద అంటుకొనదని మన వంటింటిలో అందరికిని తెలియును. దుమ్ముపట్టిన రాయి తారుకు అంటుకొనదని తెలియుటకు వేరు శాస్త్రమేల?

పాత టైర్ల రబ్బరు పొడినో, పాలిమరునో కలిపి బలపరచిన తారులును ఇప్పుడు వాడుకలో ఉన్నవి. వీనికి సాగి మరల ముడుచుకొను గుణము కలదు. ఎండకు తక్కువగా కారును, చలికి తక్కువగా పగులును. బరువుబండ్లు తిరుగు చోట్లను, మలుపులలోను, సన్నని పగుళ్లు పారిన పాతరోడ్లపైనను వీనికి పెట్టు అదనపు వెల తిరిగివచ్చును. కాని వీనిని సరియైన వేడిలో, కలియబెట్టుచు నిలువయుంచవలెను. లేనిచో కలిపినది అడుగునకో, పైకో చేరి వేరగును. దినమునకు కొలదిపాటి బండ్లు తిరుగు పల్లెదారికి శుభ్రమైన రాయితో సరిగా వేసిన వి.జి.-10 గాని, ఆర్.ఎస్.-2 గాని చాలును. ఖరీదైనది కొనుట ఎన్నిక కాదు; తగినది కొనుట ఎన్నిక.

మంచి తారును కొని పొయ్యిమీద పాడుచేయుటయు కలదు. చిమ్ముటకు 150 డిగ్రీలకు అటునిటుగా వేడి చాలును. ఉష్ణమాపకము లేక, పొగ చూచి వేడి నిర్ణయించినచో అది ఎంతకో పోవును. అధికముగా కాగిన తారులోని తేలిక నూనెలు ఎగిరిపోవును. గాలిలోని ప్రాణవాయువు దానిని గట్టిపరచును. పదేండ్లలో రోడ్డుపై రావలసిన ముసలితనము ఒక పూటలో పీపాలోనే వచ్చును. మాడిన తాలింపు మరల పచ్చిది కానట్లే, మాడిన తారు మరల మెత్తనిది కాదు.

కాలమును గూర్చియు ఆలోచింపవలెను. వర్షములు వెనుదీసి నేల ఆరిన పిమ్మట, వేసవి ముదురకమునుపు వేసిన పూత మేలైనది. వెచ్చని రోజులలో చక్రములు నడచుటచేతనే రాళ్లు తమ స్థానములలో కూర్చుండును. తొలకరి ముంగిట హడావుడిగా వేసిన పూతకు ఆ అవకాశము ఉండదు. మొదటి దినమున బండ్లు గంటకు 20 కిలోమీటర్ల వేగము మించరాదను నియమము ఇందుకే. ఎఱ్ఱజెండా పట్టుకొని నిలుచున్న మనిషిని చూచి విసుగుకొనకుడు. ఆతడు మీ రోడ్డు ఆయువును కాచుచున్నాడు.

2000వ సంవత్సరము డిసెంబరులో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ఆరంభమైన పిమ్మట, మునుపు తారు ఎరుగని ఎన్నో పల్లెలకు నల్లరోడ్డు వచ్చినది. వచ్చినదానిని నిలుపుకొనుట మన చేతులలోను కొంత ఉన్నది. పనిజరుగునప్పుడు రోడ్డును ఊడ్చిరా, కంకరపై దుమ్మున్నదా, తారు చిమ్మిన వెంటనే రాయి పడుచున్నదా అని చూచుటకు ఇంజనీరింగు చదువు అక్కరలేదు. పెండ్లిపందిరి గుంజలకై రోడ్డును త్రవ్వకుడు. కుళాయి గొట్టమునకై కోసినచో పూడ్చి, తారుపూత మూయువరకు వదలకుడు. స్నానపునీరు రోడ్డుపైకి విడువకుడు. భోగిమంటను తారురోడ్డుపై వేయకుడు. ఆ ఒక్క తెల్లవారుజామున అక్కడి తారు కాలి, సంక్రాంతి వెళ్లిన పిమ్మట గోయి మొదలగును. డీజిలు, కిరోసిన్ ఒలికినచోట తారు కరగును; అవి తారుకు తోబుట్టువులు గనుక దానిని తమలో కలుపుకొనును. వేసవిలో రోడ్డు చెమర్చి మెరయుచున్నచో ముతక ఇసుకయో, సన్నకంకరయో చల్లించుమని వెంటనే అడుగుడు. ఆలస్యమైనచో తొలిచినుకునాడు ఎవరో ఒకరు జారిపడుదురు.

నా తప్పువలన కాలు విరిగిన ఆ పాలమనిషి తరువాత కొంచెము కుంటుచు నడచెను. ఆ రోడ్డు మెరుపును గీకించి, శుభ్రమైన కంకరతో మరల పూత వేయించినప్పుడు ఆయన వచ్చి ప్రక్కన నిలుచుండి చూచెను. "ఈమారు తారు తక్కువే పడుచున్నట్లున్నదే, బాబూ" అనెను. "తక్కువ కాదు పెద్దాయనా, సరిపోవునంత" అని చెప్పితిని. ఆయన వంగి, చల్లారుచున్న తారులో కూర్చున్న ఒక రాతిని వ్రేలితో కదపి చూచెను. అది కదలలేదు. ఆ పరీక్షకంటె గొప్ప పరీక్ష ఏ ప్రయోగశాలలోను లేదని నాకు నేటికిని తోచును.